గట్లనకే అవ్వా!

మన సమాజంలో స్త్రీకి రెండు విషయాల్లో నోరుండదు. ఒకటి ఆమె పెళ్ళి, రెండవది ఆమె చావు. పెళ్ళి విషయంలో ఆమెను అడగకపోవడం అన్యాయమని కందుకూరి, గురజాడల కాలం నుంచీ చెప్పుకుంటూ వచ్చి, ఆచరణ ఎలా ఉన్నా, మాటల్లో మాత్రం ఒప్పుకున్నాం. చావు విషయంలో ఆమె నోరు మూయించడాన్ని మాత్రం ఇంకా ప్రేమ అనే పిలుస్తున్నాం. అది ప్రేమ కాదు, అధికారం. కాస్త మెత్తని గొంతుతో చలాయించే అధికారం. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. తోచనీయండి.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని పానగల్లు ఉంది. ఒకనాడు కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఆ రాజుల నాటి ఉదయసముద్రం, ఇవన్నీ చూడడానికి దూరం నుంచి జనం వస్తారు. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను చూసి, అది ఏ స్తంభానిదో తేల్చాలని తలలు బద్దలు కొట్టుకుంటారు. మంచిదే. కానీ ఆ గుడికి వెళ్ళే దారిలో ఇళ్ళ ముందు అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలు ఏం మాట్లాడుకుంటున్నారో వినడానికి ఎవరూ ఆగరు. ఆగితే ఇటువంటి మాట వినబడుతుంది:

“ఇగ నా పని ఒడిసింది బిడ్డా. నేను పోయినంక గా సందుగల చీర నా మీద కప్పుండ్రి.”

వెంటనే కొడుకో, కోడలో, మనుమరాలో అందుకునే జవాబు కూడా వినబడుతుంది:

“గట్లనకే అవ్వా! నీకేమైతది? ఇంకా మనుమల పెండ్లిల్లు సూస్తవు.”

అంతే. సంభాషణ ముగిసింది. ఆమె ఇంకేదో చెప్పబోయింది. చీర తరవాత రెండో మాట ఒకటుంది, మూడో మాట కూడా ఉండవచ్చు. అవి నోట్లోనే ఆగిపోయాయి. ఇది ఒక్క పానగల్లు సంగతి కాదు. కోస్తాలో “అశుభం పలక్కమ్మా” అంటారు, దూరదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఆదివారం నాటి ఫోనులో “అవన్నీ ఇప్పుడెందుకమ్మా, మందులు వేసుకుంటున్నావా” అంటారు. యాసలు వేరు, పని ఒకటే.

ఇంతకీ ఆమె ఏం చెప్పబోయింది? నాకు అర్థమైనంతలో, కాలం దగ్గర పడిందనుకున్న స్త్రీ చెప్పదలచుకునేవి మూడు రకాలు. ఒకటి లెక్క: తన బతుకు ఎలా గడిచింది, ఎవరు ఏం చేశారు, తాను ఏం చేసింది, ఏది మిగిలింది. రెండవది ఏర్పాటు: తన తరవాత ఏది ఎవరికి, తనను ఏం చేయాలి, ఏం చేయకూడదు. మూడవది నొప్పి: పైకి “నన్ను తీస్కపో దేవుడా” అనిపించే మాట, లోపల మాత్రం “నా మోకాళ్ళు భరించలేకుండా ఉన్నాయి” అనే మాట. “గట్లనకే” అన్న ఒక్క ముక్కతో ఈ మూడింటినీ ఒకేసారి తుంచివేస్తున్నాం. అందువల్ల ఎంత నష్టం జరుగుతోందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట లెక్క.

పానగల్లుకు ఎక్కువ దూరం లేని చందుపట్ల, నకిరేకల్ మండలంలోని గ్రామం. అక్కడ దొరికిన శాసనం వల్లనే కాకతి రుద్రమదేవి మరణించిన కాలం మనకు తెలిసింది. శాసనం తేదీ 1289 నవంబరు 27. వేయించినవాడు యువరాజు కాదు, మంత్రి కాదు. సేనానాయకుడు మల్లికార్జున నాయకుని కొలువులోని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. రుద్రమకూ, తన నాయకునికీ శివలోకప్రాప్తి కలగాలని దేవునికి భూమి దానం చేశాడు. ఆమె ఎలా మరణించిందో అందులో లేదు. కాయస్థ అంబదేవుని తిరుగుబాటును అణచడానికి వెళ్ళి యుద్ధంలో పోయి ఉంటుందని చరిత్రకారుల ఊహ. అప్పటికి ఆమె రాజ్యానికి వచ్చి పాతికేళ్ళు దాటింది, చేతికి అందివచ్చిన మనుమడు ప్రతాపరుద్రుడు ఉన్నాడు. వయసు ఎనభై దాకా ఉండవచ్చునని చెప్పినవారున్నారు. అంత కాకపోయినా, అప్పుడు మరణించినది పడుచు రాణి కాదు, ముసలి స్త్రీ.

ఇప్పుడు మన రుద్రమను చూడండి. అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’లో ఆమె యువరాణి. 2015లో వచ్చిన సినిమాలో ఆమె యౌవనం, మగవేషం, పట్టాభిషేకం. కూడళ్ళలోని విగ్రహాల్లో ఆమె గుర్రం మీద, బిగువైన భుజాలతో, ముడత లేని ముఖంతో. ఏడువందల ఏళ్ళుగా గుర్రం దిగని యువతి! కూతుళ్ళే తప్ప కొడుకులు లేక, మనుమణ్ణి వారసునిగా నిలబెట్టుకుని, నమ్మిన సామంతులు ఒక్కొక్కరే ఎదురు తిరుగుతుంటే, తన జీవితమంతా వెనక్కి తిరిగి చూసుకున్న ముసలి రాణి మనకు అక్కరలేదు. ఆమె చివరి రోజుల మీద ఆధారాలు లేవు కదా అంటారా? యౌవనం మీద మాత్రం ఎన్ని ఉన్నాయి? అక్కడ కల్పనకు అడ్డు రాని ఆధారాల కొరత ఇక్కడ మాత్రం ఎందుకు అడ్డొచ్చింది?

ఆ కాలపు శిల్పికి ఈ సిగ్గు లేనట్లుంది. వరంగల్లు దగ్గరి బొల్లికుంటలో ఉన్న రెండు శిల్పాలు రుద్రమవేనని కొన్నేళ్ళ క్రిందట పురావస్తు శాఖ అధికారులు చెప్పారు. ఒకదానిలో ఆమె కత్తి పట్టి గుర్రం మీద ఉంది. రెండవ దానిలో రాజచిహ్నాలేవీ లేకుండా, అలసిపోయి, ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. దగ్గరలో యముని వాహనమైన దున్నపోతు. ఆ గుర్తింపు మీద పండితులు వాదించుకోవచ్చు. కానీ రెండు శిల్పాలను పక్కపక్కన చూపిస్తే మనం ఏది ఎంచుకుని కూడలిలో నిలబెడతామో వాదించనక్కరలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. మన దేశం మీదుగా పోయిన మార్కో పోలో కూడా, వివరాల్లో పొరపాట్లు ఉన్నా, ఇక్కడ చాలాకాలం రాజ్యం ఏలిన వివేకవతియైన ఒక వితంతువును గురించి రాసుకున్నాడు. పరాయివాడికి కనబడిన వయసు మనకు కనబడలేదు.

రాణికే ఈ గతి పడితే అరుగు మీది అవ్వకు ఏం పడుతుంది?

ఇదే నేల మీద దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెదుక్కుంటూ వెళ్ళి, వాళ్ళు చెప్పినది చెప్పినట్లు రికార్డు చేసి, అచ్చు వేసిన పుస్తకం. అప్పటికి పోరాటం విరమించి మూడు దశాబ్దాలు దాటింది. ఆ స్త్రీలు తుపాకుల గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. 1951లో విరమణ తరవాత తమను మళ్ళీ వంటింటికి ఎలా పంపారో, ఎవరు ఎలా మాట తప్పారో, ఏ పిల్లను ఎక్కడ విడిచి రావలసి వచ్చిందో, అదంతా చెప్పారు. నాయకుల ఆత్మకథలలో లేని లెక్క అది. అందులో మాట్లాడిన చిట్యాల ఐలమ్మ 1985లో కన్నుమూసింది. అంటే ఆ టేపు రికార్డరు కొద్ది కాలం ఆలస్యంగా వెళ్ళి ఉంటే, నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో తన పొలం గింజ కోసం దొరను ఎదిరించిన మనిషి గొంతు మనకు ఉండేది కాదు. విగ్రహం ఉండేది. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరూ ఉండేది. గొంతు ఉండేది కాదు.

ఆ పుస్తకం ఎలా వచ్చిందో ఆలోచించండి. ఎవరో వెళ్ళి, ఎదురుగా కూర్చుని, “చెప్పమ్మా” అన్నారు. “గట్లనకే” అనలేదు. మొత్తం రహస్యం అంతే.

మల్లు స్వరాజ్యం సంగతీ అంతే. 1931లో కర్విరాల కొత్తగూడెంలో పుట్టి, ఇంకా బాల్యం దాటకుండానే ఉద్యమంలోకి వెళ్ళి, తలకు పదివేల రూపాయల వెల కట్టించుకుని, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన మనిషి. ఆమె ‘నా మాటే తుపాకి తూటా’ పుస్తకంగా వచ్చేనాటికి ఆమెకు ఎనభై ఏడు దాటాయి. 2022 మార్చి 19న ఆమె మరణించాక ఆ దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. పానగల్లుకు కూతవేటు దూరంలోని పట్టణంలో, రేపటి డాక్టర్లు చదువుకోవడానికి. చావు మాట ఎత్తగానే చెవులు మూసుకునే ఇళ్ళలో దేహదానం జరగదు. ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని మాట్లాడుకున్న ఇళ్ళలోనే జరుగుతుంది.

“వాళ్ళు నాయకురాళ్ళు, వాళ్ళకు చెప్పడానికి కథ ఉంది, మా అవ్వకేముంది” అనేవారికి ఒక్క మాట. ఐలమ్మ నాయకురాలని ఆమెను అడిగేదాకా ఎందరికి తెలుసు? కరువు ఏడు పిల్లలను ఎలా సాకిందో, బొంబాయికి వలస పోయిన మగడు తిరిగి రాని సంవత్సరాల్లో భూమిని ఎలా నిలబెట్టిందో, ఏ కాన్పులో ఏ బిడ్డ పోయిందో, ఇవి ఏ తాసీల్దారు కాగితాల్లోనూ ఉండవు. ఆమె దగ్గర మాత్రమే ఉంటాయి. ఆమెతోపాటు పోతాయి.

ఇక రెండవది, ఏర్పాటు. ఇక్కడ నష్టం మరీ లౌకికమైనది. రూపాయల్లో కొలవవచ్చు.

మన చట్టం ఎలా ఉందో చాలామందికి తెలియదు. హిందూ వారసత్వ చట్టం, 1956, పదిహేనవ సెక్షను ప్రకారం, పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే ఆమె సొంతంగా సంపాదించుకున్న ఆస్తి ముందుగా భర్త తరఫు వారసులకు వెళుతుంది. ఆ తరవాతే ఆమెను కన్నవాళ్ళకు. ఇది ఎంతవరకు పోతుందో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూపిస్తుంది. పెళ్ళైన మూడు నెలలకే భర్తను పోగొట్టుకున్న స్త్రీని అత్తవారు ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, పొదుపు చేసింది, 1996లో వీలునామా లేకుండానే చనిపోయింది. ఆమె కష్టార్జితం ఎవరికి దక్కింది? ఆమెను వెళ్ళగొట్టిన అత్తింటి తరఫు వారసులకు. న్యాయస్థానం సానుభూతితో చట్టాన్ని మార్చలేమంది. ఆ మాట నిజమే. ఒక్క కాగితం ఉంటే సరిపోయేది. ఆ కాగితం రాయాలంటే ఎవరో ఒకరితో “నేను పోయాక” అనే మాటతో సంభాషణ మొదలుపెట్టాలి. అంటే మనం నోరు మూయించే ఆ మాటతోనే!

పిల్లలున్న ఇంట్లో కూడా ఇదే తంతు. రెండు తులాల బంగారం, ఊళ్ళో ఉన్న గుంటెడు జాగా, కొంగున ముడేసుకున్న పింఛను డబ్బు. ఏ కూతురికి ఏది ఇవ్వాలనుకుందో చెప్పబోతే “ఇప్పుడెందుకే” అన్నవాళ్ళే, దినవారాలు కాకముందే పెట్టె తాళం కోసం కొట్టుకుంటారు. ఆమె మాట వినడం అశుభం. ఆమె పెట్టె తెరవడం మాత్రం శుభం.

ఆస్తి ఒక్కటే కాదు. తనకు చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట అందులో మేజిస్ట్రేటు సంతకం వంటి చిక్కులు ఉండేవి. 2023 జనవరిలో దాన్ని సులువు చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలన్నారు. అంటే, గొట్టాల మధ్య, తెలియని ముఖాల మధ్య, గాజుతలుపు వెనక పోవాలా, తన మంచం మీద తన వాళ్ళ మధ్య పోవాలా అన్నది ఆమె ముందే చెప్పుకోవచ్చు. ఈ హక్కు ఎందరు ముసలమ్మల చెవిన పడింది? పడనివ్వం. ఆస్పత్రివాళ్ళు ఎవరిని అడుగుతారు? కొడుకును. సంతకం ఎవరు పెడతారు? కొడుకు, లేకపోతే అల్లుడు. తన దేహం మీద తనకు లేని అధికారం, ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోయే మనిషికి ఉంది. ఆ మనిషికి ఆమె ఇష్టం ఏమిటో తెలియదు, ఎందుకంటే ఆమె చెప్పబోయినప్పుడల్లా “గట్లనకే” అన్నది అతడే. తెలియదు కనుక, ఆమెకు ఏది మంచిదో కాక, నలుగురు ఏమనుకుంటారో దాన్నిబట్టి నిర్ణయిస్తాడు. అప్పు చేసి మరీ. ఆ అప్పు తీరేసరికి అతడూ ముసలివాడవుతాడు.

ప్రభుత్వం కూడా మనలాంటిదే. 2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైన రైతుబీమా పద్దెనిమిది నుంచి యాభైతొమ్మిదేళ్ళ మధ్యవాళ్ళకే. ఆ వయసులో పోతే ఇంటికి ఐదు లక్షలు. అరవై దాటిన రైతమ్మ చావుకు లెక్కలో విలువ లేదు. బీమా లెక్కలకు వాటి కారణాలు వాటికి ఉంటాయి, తెలుసు. 2014 నుంచి ఆసరా పింఛను వచ్చి, 2019లో అది 2,016 రూపాయలై, ముసలమ్మలకు ఇంట్లో కాస్త గౌరవం తెచ్చిందన్నదీ నిజమే. నేను చెప్పేది వేరు. ఆమె వేలిముద్ర అడగడానికి నెలనెలా మనిషి వస్తాడు. ఆమె మాట అడగడానికి మాత్రం ఎవరూ రారు.

మూడవది, నొప్పి.

నల్లగొండ జిల్లా ముసలితనం తక్కిన చోట్లవంటిది కాదు. దశాబ్దాలపాటు ఇక్కడి బోరు నీళ్ళలో, బావి నీళ్ళలో ఫ్లోరైడు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు, నడుము వంగి లేవలేనివాళ్ళు, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పవలసినవాళ్ళు ఎందరో. నీటిలోంచి ఫ్లోరైడును పటికతో, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. పద్ధతికి పేరిచ్చిన జిల్లాకు నీళ్ళు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఉదయసముద్రంలో కృష్ణా నీళ్ళు ఉన్నాయి, గొట్టాల్లో మంచినీళ్ళు వస్తున్నాయి. కానీ ఒకసారి బిగుసుకున్న ఎముక తిరిగి సాగదు. మనుమరాలు మంచినీళ్ళు తాగుతోంది, అవ్వ పాత నీళ్ళను మోస్తోంది.

అటువంటి మనిషి “దేవుడా, నన్నెప్పుడు తీస్కపోతవు” అన్నప్పుడు అందులో వేదాంతం కొంత ఉండవచ్చు. ఎక్కువభాగం నొప్పి ఉంటుంది. “గట్లనకే” అనేవాడు చావు మాటను ఆపాననుకుంటాడు. ఆపింది నొప్పి మాటను. రెండో ప్రశ్న వేసి ఉంటే, “ఏడ నొస్తుందవ్వా, రాత్రి నిద్ర పడుతుందా” అని అడిగి ఉంటే, మందు దొరికేది. మార్ఫిన్ వంటి మందులు నొప్పి పడేవారికి అందడంలో ఉన్న ఇబ్బందులు తగ్గించేందుకు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. నయంకాని జబ్బులతో ఉన్నవారి బాధ తగ్గించడం కోసమే పాలియేటివ్ వైద్యం ఉంది. ఐతే ఆ వైద్యం దాకా పోవాలంటే ముందు ఇంట్లో ఒకరు ఆ మాట పూర్తిగా వినాలి. కొన్నిసార్లు ఆ మాట వెనక నొప్పి కాక నిరాదరణ ఉంటుంది, అన్నం పెట్టే చేయి విసుక్కోవడం ఉంటుంది, ప్రాణం తీసుకోవాలన్న తలపు కూడా ఉంటుంది. వాటినీ వింటేనే కదా తెలిసేది! నోరు మూయించడం వల్ల ఏ ముసలమ్మ ఆయుష్షూ పెరగలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. చావు మాట ఎత్తవద్దని స్త్రీకి చెప్పే సమాజమే ఒక్క రకం చావును మాత్రం ఆమె నోరారా కోరుకోవాలంటుంది. అది ముత్తయిదువ చావు. భర్త కంటే ముందు పోవాలి, పసుపు కుంకుమలతో పోవాలి. “పుణ్యాత్మురాలు, ఆయన చేతుల మీదుగా వెళ్ళిపోయింది” అని శవం పక్కన నిలబడి మెచ్చుకుంటారు. నోములన్నీ ఆ కోరిక కోసమే నోయిస్తారు. అంటే ఆమె చావు గురించి ఆలోచించకూడదని కాదు. మనం చెప్పినట్లు ఆలోచించాలి. భర్త పోయాక ఇరవై ఏళ్ళు బతికి, ఆ ఇరవై ఏళ్ళే తన బతుకులో కాస్త ఊపిరి తీసుకున్న కాలమని ఒక స్త్రీ అనుకుంటే, ఆ మాట బయటికి చెప్పగలదా? చెప్పలేదు. అందుకే నేను దీన్ని ప్రేమ అనను.

మన రచయితలు ఈ విషయంలో చేసింది ఏమిటి? క్షమించాలి, చాలా తక్కువ. ముసలమ్మ లేని కథ లేదు, ముసలమ్మ కథ లేదు. ఆమె వృద్ధాశ్రమంలో కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆమె పోతుంది, అతడు విమానం దిగుతాడు, ఆమె దిండు కింద ఒక ఉత్తరం దొరుకుతుంది, అతడు కుమిలిపోతాడు. పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు. ఇది ఆమె కథా? కొడుకు పశ్చాత్తాపం కథ. ఆమె అందులో అతడి అంతరాత్మకు పట్టిన అద్దం మాత్రమే. ఆమెకు కోపం ఉండదు, వ్యంగ్యం ఉండదు, తన గతం మీద తనకు అనుమానాలు ఉండవు, ఎవరితోనూ తీరని తగువు ఉండదు. ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి కొడుకు తప్ప మరో ఆలోచన లేదని రాయడం కంటే పెద్ద అవమానం ఏముంది?

సిమోన్ ద బోవా తన తల్లి చివరి వారాల గురించి 1964లో ఒక చిన్న పుస్తకం రాసింది. తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో చేరిన తల్లికి క్యాన్సర్ ఉందని తెలిసింది. ఆమెకు చెప్పలేదు. ప్యారిస్‌లో, అంత చదువుకున్న ఇంట్లో కూడా, చావబోయే స్త్రీ చుట్టూ అబద్ధపు గోడ కట్టారు. ఆ అబద్ధం తమ మధ్య దూరాన్ని ఎలా పెంచిందో బోవా దాచకుండా రాసింది. అందుకే ఆ పుస్తకం నిలబడింది. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ తన పుస్తకం కోసం చేసిన పని ఇంకా సరళం: చనిపోబోతున్న రోగుల పక్కన కూర్చుని వాళ్ళను అడగడం. వాళ్ళు మాట్లాడారు. ఈ రోగం మన ఒక్కరిదే కాదని చెప్పడానికే ఈ రెండూ తెచ్చాను. పడమటి దేశాల వాళ్ళు మనకంటే మంచివాళ్ళని కాదు.

ఇప్పుడు నా మీదికి రాగల అభ్యంతరాలు.

“ఆ మాటలు వింటే మాకు బాధ కలుగుతుంది.” నిజం. కలుగుతుంది. ఐతే బాధ ఎవరిదో చూడండి. “అమ్మకు బాధ కలగకూడదని” అంటూ మనం తప్పించుకునేది మన బాధను. ఆమెకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. తల్లిని, అత్తను, తోబుట్టువులను, బహుశా భర్తను కూడా సాగనంపిన మనిషి. ఇంట్లో చావు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినది ఆమెకే. ఎవరికి స్నానం చేయించాలో, ఎన్ని మూరల గుడ్డ కావాలో, ఏడ్చేవాళ్ళకు ఏ పూట ఎవరు వండి తేవాలో ఆమెను అడిగే చేస్తాం. అన్ని చావులకూ ఆమె పెద్దదిక్కు. ఒక్క తన చావుకు మాత్రం చిన్నపిల్ల!

“అంటే ధైర్యం చెప్పవద్దా?” చెప్పండి. విన్న తరవాత చెప్పండి. వినకుండా చెప్పే ధైర్యం తలుపు వేసే చప్పుడు మాత్రమే.

“మాటకు బలముంటుంది, తథాస్తు దేవతలుంటారు.” ఉంటే ఉండనీయండి. వాళ్ళు ఇన్నేళ్ళుగా పానగల్లు అరుగుల మీది మాటలు విని తథాస్తు అంటూ ఉంటే ఊళ్ళో ముసలమ్మ మిగిలేది కాదు. ఎనభై ఏళ్ళుగా ఆమె కోరిన తక్కిన వాటికి పలకని దేవతలు ఈ ఒక్కదానికే పలుకుతారని భయపడడం ఏం న్యాయం?

“కొందరికి మాట్లాడడం ఇష్టం ఉండదు.” ఇది మాత్రం నేను ఒప్పుకునే అభ్యంతరం. మౌనం కూడా ఆమె హక్కే. చెప్పమని వేధించడం, చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టి రికార్డు చేస్తూ గుచ్చి గుచ్చి అడగడం, నోరు మూయించడం లాంటిదే మరో దౌర్జన్యం. ఆమె మొదలుపెట్టినప్పుడు ఆపకుండా ఉండడం వేరు, మొదలుపెట్టమని పీడించడం వేరు. నేను అడుగుతున్నది మొదటిది. మాట్లాడేదీ మానేదీ ఆమె తేల్చుకోవాలి.

ఆచరణలో ఇది పెద్ద పనేమీ కాదు. ఉద్యమాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఆమె “నేను పోయినంక” అన్నప్పుడు “ఊఁ, చెప్పు” అనడం. ఆ తరవాత మాట్లాడకుండా కూర్చోవడం. చెప్పినది ఆస్తి సంగతైతే కాగితం మీద పెట్టించడం. వైద్యం సంగతైతే ఇంట్లో అందరి ముందూ ఆమె చేతనే చెప్పించడం. నొప్పి సంగతైతే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళడం. బతుకు లెక్క ఐతే వినడం, వీలైతే రాసుకోవడం. అందులో మనమీద కోపం ఉంటే అదీ వినడం. ఈ చివరిదే కష్టం. “గట్లనకే” అనే మాట చాలాసార్లు ఈ చివరిదాని భయంతోనే పుడుతుందని నా అనుమానం. ఎనభై ఏళ్ళ లెక్క విప్పితే మన పద్దు ఎక్కడ తేలుతుందో అన్న భయం.

మన ఊళ్ళలో దింపుడు కల్లం అని ఒకటుంది. పాడెను కాటికి మోసుకుపోతూ దారి మధ్యలో దింపుతారు. కొడుకు వంగి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతుందేమోనన్న ఆశ. ఎంత ప్రేమగల ఆచారమో! కానీ ఆ చెవిలో ఆ పిలుపు, ఆమె ఇంకా అరుగు మీద కూర్చుని “బిడ్డా, ఒక్క మాట” అన్న సాయంత్రం పడి ఉంటే పలికేది. పలకడానికి సిద్ధంగానే ఉంది. పలకవద్దన్నది మనం. పలకలేని చెవిలో మూడుసార్లు పిలిచేవాడు, పలికే నోటిని ఒక్కసారైనా మాట్లాడనివ్వాలి.